పోయినాయన భూతద్దం లైటు

నేను ఆ టీ కొట్టుకి వెళ్లింది టీ కోసం కాదు, నా లైటు కోసం. గుండ్రటి భూతద్దం, దాని చుట్టూ వెలిగే గొట్టం, ఎటు వంచితే అటు వంగే మెడ. గడియారాలు బాగుచేసేవాడికి అదే కన్ను. నా సొంత కళ్లు ఎప్పుడో చేతులెత్తేశాయి. మా అబ్బాయి ఇదే సందని, "ఇక చాల్లే నాన్నా, మానేసి హాయిగా కూర్చో" అంటున్నాడు. హాయిగా కూర్చోవడం నాకు చేతకాదు. ఆ లైటు ఉన్నంతకాలం వాడి మాట దాటవేస్తూ వచ్చాను. అది లేకపోతే చేతులు ముడుచుకుని కిటికీలోంచి వీధి చూడ్డమే నాకు మిగిలే పని.

కూతురి దగ్గర కొన్నాళ్లుండి నిన్ననే వచ్చాను. చూస్తే నా గది ఊడ్చిపెట్టినట్టుంది. ఫ్యాను లేదు, రేడియో లేదు, నీళ్లు కాచుకునే కెటిల్ లేదు, లైటు లేదు. నేను విప్పిపెట్టి వెళ్లిన నర్సమ్మ గడియారం మాత్రం ముక్కలు ముక్కలుగా సాసర్లో అలాగే ఉంది. ఆవిడ ఇవాళ సాయంత్రం ఆసుపత్రి డ్యూటీకి వెళ్తూ తీసుకుంటానంది. అబ్బాయి ఎదురుగా ఆవిడ చేతిలో ఆ సాసరు పెట్టానంటే నా పని అయిపోయినట్టే.

కోడలు నాకంటే ఎక్కువ కంగారుపడింది. "బాగుచెయ్యడానికే తీసుకెళ్లారనుకున్నాను మావయ్యా. ప్లగ్గు బాబాయట, ఈ చుట్టుపక్కల పాత కరెంటు సామాన్లన్నీ ఆయనే చూస్తారట. ఫ్యాను కోసం నేనే ఫోన్ చేసి, పక్కింటావిడ దగ్గర తాళం పెట్టి ఆఫీసుకెళ్లాను. తర్వాత ఎప్పుడిస్తారని అడిగితే, 'ధైర్యంగా ఉండమ్మా, మన చేతుల్లో ఏముంది' అన్నారు. పెద్ద రిపేరేమో అనుకున్నాను" అంది. రిపేరుకి ధైర్యం ఎందుకో నాకూ అర్థం కాలేదు, దానికీ అర్థం కాలేదు.

ఆ ఇంటికి మేము మారి ఎక్కువ కాలం కాలేదు. రెండో అంతస్తు దిగి నేను వీధిలోకి వచ్చిందే తక్కువ. అందుకని ప్లగ్గు బాబాయి మొహం నాకు తెలియదు, నా మొహం ఆయనకి తెలియదు. కొట్టు దగ్గరికి వెళ్లాక మాత్రం ఎవరినీ అడగాల్సిన పని పడలేదు. అందరూ చొక్కా జేబులో పెన్ను పెట్టుకుంటే, బెంచీ మధ్యలో కూర్చున్న పెద్దమనిషి ప్లగ్గు పెట్టుకున్నాడు. ఆయనకి అటు పక్క కుట్టు కొట్టు టైలరమ్మ, ఇటు పక్క వ్యాను డ్రైవరు. గల్లాపెట్టె వెనకాల టీ అక్క. చివర్లో కాస్త చోటుంటే కూర్చున్నాను. ఆయన అప్పటికే కబుర్లు అందుకున్నాడు.

"నేనేమంటానంటే, పారెయ్యడమంత తెలివితక్కువ పని ఇంకోటి లేదు. ఒకళ్లకి అడ్డమైంది ఇంకొకళ్లకి ఆధారం. మధ్యలో చెయ్యి మార్చేవాడొకడు ఉండాలి, ఆ చెయ్యి ఇదీ. మొన్నటి ఇస్త్రీ పెట్టె సంగతే తీసుకోండి. మెట్ల కింద దుమ్ములో పడుంది. నేను చేసిందేముంది, వైరు లోపల తెగింది, కోసి కలిపాను. మన టైలరమ్మకిచ్చాను. అవునా కాదా అమ్మా?"

"అవును. బాగానే కాలుతోంది" అంది టైలరమ్మ.

"బాగానేనా? చొక్కా బల్ల మీద పరిచి, నువ్వింకా పెట్టె చేతిలోకి తీసుకోకముందే ముడతలు వాటంతటవే సర్దుకున్నాయని చెప్పావు కదా."

"నేనెప్పుడు చెప్పాను బాబాయీ?"

"చెప్పడం మర్చిపోయుంటావు, పనిలో పడి. దాన్ని చూస్తేనే ముడతలకి భయం. అలాంటి చెయ్యి ఇది. నేను ముట్టుకున్నాక ఏ వస్తువూ ముందులా ఉండదు."

"అది మాత్రం నిజం" అన్నాడు డ్రైవరు.

అది మెచ్చుకోలో వెక్కిరింతో తెలియలేదు. బాబాయి మాత్రం మెచ్చుకోలు కిందే జమేసుకున్నాడు. ఆ సందు చూసుకుని నేను గొంతు సవరించుకున్నాను. "బాబూ, భూతద్దం ఉన్న లైటొకటి మీ దగ్గరికి వచ్చిందటగా. అది నాకు కావాలి. గడియారాల పని చేస్తాను. లైటు లేక పని ఆగిపోయింది."

బాబాయి నావైపు జాలిగా చూశాడు. "ఆ లైటు మీద ఆశ వదులుకోండి పెద్దాయనా. అది మామూలు లైటు కాదు. పోయినాయన లైటు."

"ఎవరు పోయారు?"

"అయ్యో, మీకు తెలీదా? వీధి వీధంతా బావురుమంది. అదుగో, ఆ నీలం గేటు మేడ లేదూ, అందులో రెండో అంతస్తు. గడియారాల మహానుభావుడు. ఆయన పోయి నెల కావస్తోంది."

నీలం గేటు మాదే. రెండో అంతస్తులో ఉన్నవి రెండే ఇళ్లు. ఒకటి మాది, ఇంకోటి పక్కింటావిడది. ఆవిడ భర్త పొద్దున మెట్ల మీద బూట్లు వేసుకుంటూ నాకు కనబడ్డాడు, పైగా ఆయన పని బ్యాంకులో. మరి పోయిన గడియారాలాయన ఎవరు? మాకంటే ముందు ఆ ఇంట్లో ఇంకెవరైనా ఉండేవారా అనుకున్నాను. కానీ ఉంటే నెల కిందట పోవడానికి మళ్లీ మా ఇంటికి ఎందుకొస్తారు?

"పెద్దాయనకి ఒక టీ ఇవ్వక్కా, పాపం కదిలిపోయాడు" అన్నాడు బాబాయి. "అసలేం జరిగిందంటే, నేను స్క్రూడ్రైవరు కడుక్కుంటున్నాను. ఫోను మోగింది. ఆయన కోడలు. గొంతు వణుకుతోంది. 'మా మావయ్యగారు పోయారండీ, వచ్చి తీసుకెళ్లండి' అంది. నాకు కాళ్లూ చేతులూ ఆడలేదు. పరుగెత్తాను. చెప్పులు ఇంటి దగ్గర, మనిషిని మెట్ల మీద. ఎంత పరుగంటే, నాకంటే ముందు బయల్దేరిన వ్యాను నా వెనకాల హారన్ కొడుతోంది."

"నా వ్యానేనా?" అన్నాడు డ్రైవరు.

"నీదే. నువ్వు గమనించి ఉండవు, దుమ్ములో. సరే, పక్కింటావిడ తాళం తీసింది. గదిలోకి వెళ్లాను. ఆ తర్వాత ఏమైందో తెలుసా? గోడల నిండా గడియారాలు. నేల మీద గడియారాలు. కాలు పెట్టడానికి చోటులేదు. అన్నీ ఒక్క క్షణం దగ్గరే ఆగిపోయి ఉన్నాయి. మధ్యలో మంచం మీద ఆయన. ఆరడుగుల పైమాట. కాళ్లు మంచం దాటి కిటికీలోంచి బయటికి ఉన్నాయి."

నా గదిలో గోడకి ఉన్నది ఒక్కటే గడియారం, అదీ మా కోడలు కొన్నది. నేను మంచం మీద పడుకుంటే కాళ్ల దగ్గర ఇంకో మనిషి కూర్చోవచ్చు. కాబట్టి అది నేను కాదు, వేరే ఎవరో అని కాస్త కుదుటపడ్డాను. కానీ పక్కింటావిడ తాళం తీసింది అన్నాడే, ఆ తాళం మాదే కదా.

"నన్ను చూడగానే ఆయన లేచి కూర్చున్నాడు" అన్నాడు బాబాయి.

టైలరమ్మ టీ గ్లాసు కింద పెట్టింది. "పోయాడన్నావు కదా బాబాయీ."

"పోయాడు."

"పోయినాయన ఎలా లేచి కూర్చుంటాడు?"

"పూర్తిగా పోలేదమ్మా. నాకోసం ఆగాడు. చెప్పుకోవాల్సిన మాటలుంటే మనిషి అంత తేలిగ్గా పోతాడా? లేచి, కెటిల్లో నీళ్లు పోసి, ప్లగ్గు పెట్టి, నాకు టీ కలిపిచ్చాడు. అంత మర్యాదస్తుడు. అప్పుడు నా చెయ్యి పట్టుకుని, 'బాబూ, నా సామాను తుప్పు పట్టకూడదు. తగినవాళ్లకి నీ చేతి మీదుగా చేరాలి. ఈ ఊళ్లో ఇంకెవరినీ నేను నమ్మను' అన్నాడు. నేను సరేనన్నాను. గ్లాసులు కడిగి బోర్లించి, మళ్లీ పడుకుని, అప్పుడు పోయాడు. ఈ చేతుల్తోనే కళ్లు మూశాను."

ఎవరూ చూడకుండా నా ఎడమ చేతి నాడి పట్టుకుని చూసుకున్నాను. కొట్టుకుంటోంది, కాకపోతే కొంచెం గాభరాగా. నవ్వాలో కోప్పడాలో తెలియక టీ గ్లాసు అందుకున్నాను. నాకెదురుగా గల్లాపెట్టె మీద ఒక టేబుల్ ఫ్యాను అటూ ఇటూ తిరుగుతోంది. తిరిగి తిరిగి నావైపుకి వచ్చినప్పుడల్లా చిన్నగా దగ్గుతోంది. ఆ దగ్గు నాకు తెలుసు. దాని కాలి మీద మా మనవరాలు అంటించిన చేప బొమ్మ ఇంకా అలాగే ఉంది.

అప్పుడు నాకు బుర్ర తిరిగిపోయింది. ఫ్యాను నాది. తాళం నాది. కోడలు నాది. మరి పోయినాయన మాత్రం ఎవరు?

"ఆ ఫ్యాను కూడా ఆయనదే" అన్నాడు బాబాయి, నా చూపు పట్టుకుని. "దాంట్లో ప్రాణం లేదు. ఒళ్లో పెట్టుకుని ఒక్కసారి విప్పి బిగించాను. మొదట లాండ్రీ వాళ్లకిచ్చాను. అక్కడ పెట్టి మీట నొక్కితే ఏమైందో తెలుసా? తీగ మీద ఆరేసిన బట్టలన్నీ లేచి పక్క వీధికి ఎగిరిపోయాయి. దారిలోనే ఆరిపోయాయి. కింద పడేసరికి మడతలు పెట్టుకుని మరీ పడ్డాయి. ఎవరి గుమ్మం ముందు వాళ్ల బట్టలు. లాండ్రీ ఆయన ఇక నాకు పనేముంటుందని భయపడి తిరిగి ఇచ్చేశాడు. అప్పుడు అక్కకిచ్చాను."

"నాకిచ్చినప్పుడు తిరగనేలేదు" అంది టీ అక్క, పాలు పొంగకుండా గరిటెతో తిప్పుతూ. "మా తమ్ముడొచ్చి బాగుచేశాడు."

"అలిసిపోయి ఉంటుంది, అంత పని చేశాక. ఇక రేడియో. అదుగో, ఎదురుగా మంగలి కొట్లో మోగుతోందే, అదే. దాన్ని బాగుచేస్తూ ఒక్క తీగ కాస్త ముందుకి జరిపాను, అంతే, రేపటి వార్తలు ఇవాళే వచ్చేస్తున్నాయి."

డ్రైవరు రోడ్డు అవతలికి చెవి పెట్టి విన్నాడు. "ఇప్పుడు చెప్పేది నిన్న మా ఇంట్లో విన్న వార్తే బాబాయీ."

"అదే కదా నేననేది. రేపటిది ఇవాళ వస్తే, ఇవాళ్టిది నిన్ననే వచ్చేసి ఉండాలి. నిన్న విన్నావంటే మరి నిజమైనట్టేగా?"

డ్రైవరు వేళ్ల మీద ఏదో లెక్కపెట్టి, మధ్యలో తప్పిపోయాడు. గడియారాలతో బతికినవాణ్ణి, నాకే ఆ లెక్క తెగలేదు. ఒక్క క్షణం ఆయన చెప్పింది సబబుగానే ఉందనిపించింది కూడా.

కానీ నాకు కావలసింది రేడియో కాదు. "లైటు బాబూ" అన్నాను. "లైటు ఎవరికిచ్చారు?"

బాబాయి ముందుకి వంగాడు. గొంతు తగ్గించాడు. "అది చెప్తే నమ్మరు."

"ఇప్పటిదాకా ఏం తక్కువ నమ్మాం, చెప్పు" అంది టైలరమ్మ.

"ముందు దాన్ని మా వసారాలో పెట్టి ప్లగ్గు పెట్టాను. కింద ఒక చీమ పోతోంది. భూతద్దంలోంచి చూశాను. ఏనుగంత ఉంది. సరే, భూతద్దమంటే అంతేగా అని లైటు పక్కకి తీశాను. చీమ మాత్రం అంతే ఉంది. దాన్ని బయటికి పంపడానికి తలుపు రెక్కలు ఊడదియ్యాల్సి వచ్చింది. ఈ సంగతి కంటి డాక్టరుకి తెలిసింది. వచ్చి కాళ్లా వేళ్లా పడ్డాడు. ఆపరేషన్లన్నీ ఆ లైటు కిందే చేశాడు. ఆ లైటు కింద పడుకున్నవాళ్లకి కత్తి అక్కర్లేకుండానే చూపు వచ్చేసింది. ఒకాయనకి ఎంత చూపొచ్చిందంటే, తన వీపు తనకే కనబడుతోంది."

"ఇప్పుడు డాక్టరు దగ్గరుందా?" అన్నాను. నా గొంతులో ఆశ నాకే వినబడింది. డాక్టరైతే మంచివాడై ఉంటాడు, అడిగితే ఇస్తాడు.

"ఎక్కడ పెద్దాయనా. ఆ తర్వాత ఏమైందో తెలుసా? ఆకాశంలోకి రాకెట్లు పంపేవాళ్లు లేరూ, వాళ్లు వచ్చారు. కోట్లు వేసుకుని, బూట్లు గుమ్మం బయట విడిచి, మా ఇంట్లో చాప మీద కూర్చున్నారు. 'బాబాయిగారూ, మా అద్దాలన్నీ మసకబారిపోయాయి, చందమామ కూడా సరిగ్గా కనబడ్డం లేదు, మీరే ఆదుకోవాలి' అన్నారు. ఏం చేస్తాను? ఒకళ్లకి అక్కర్లేనిది ఇంకొకళ్లకి చేర్చడమే కదా నా వ్రతం. ఇచ్చేశాను. తీసుకెళ్లి పైకి పంపారు. ఇప్పుడు అది పైన తిరుగుతోంది. ఇక దాన్ని దించడం మనవల్ల కాదు."

ఇదంతా కోతలే అని నాకు తెలుసు. నాకంత మతి పోలేదు. కానీ కోతలే అయినా, ఇంత గట్టిగా దించడం కుదరదంటున్నాడంటే, లైటు ఎక్కడో దొరకని చోటికే పోయి ఉంటుందనిపించింది. సాసర్లో ముక్కలు కళ్ల ముందు మెదిలాయి. నర్సమ్మ వచ్చేస్తుంది. అబ్బాయి వాకిట్లో నిలబడి, నేను చెప్పానుగా అన్నట్టు చూస్తాడు.

"మీరు ఆయన్ని బాగా ఎరుగుదురా?" అని అడిగాను.

"ఎరగడమేమిటి, ప్రాణానికి ప్రాణం. సంతాపం కూడా ఇక్కడే జరిపించాను. అందర్నీ నిలబెట్టి మౌనం పాటింపజేశాను."

"అవును" అంది టైలరమ్మ. "ఎప్పుడూ చూడనైనా లేదు గానీ, బాబాయి చెప్తుంటే నాకు నిజంగా ఏడుపొచ్చింది. అంత మంచాయన మన వీధిలోనే ఉండి, మనకి తెలియకుండానే పోయాడే అని."

ఆవిడ ఆ మాట మామూలుగా అంది. ఇన్నాళ్లూ ఈ వీధిలో నన్ను పలకరించినవాళ్లు లేరు. నాకోసం ఏడ్చినవాళ్లు ఉన్నారన్నమాట. సంతోషించాలో, సిగ్గుపడాలో తోచలేదు.

"ఫోన్లో ఆ అమ్మాయి ఏమందో మళ్లీ ఒక్కసారి చెప్తారా?" అన్నాను.

"చెప్పానుగా. 'మా మావయ్యగారు పోయారండీ, వచ్చి తీసుకెళ్లండి' అని. లైన్లో గరగర ఉంది గానీ, ఆ ఏడుపు స్పష్టంగా వినబడింది."

అప్పటిదాకా ముడిపడి ఉన్నదంతా అక్కడ విడిపోయింది. మా కోడలు సామాను గురించి ఎలా మాట్లాడుతుందో నాకు తెలుసు.

"'మావయ్యగారు పోయారు' అని ఉండదు బాబూ" అన్నాను. "'మావయ్యగారిది పోయింది' అని ఉంటుంది."

"ఏది పోయింది?"

"ఫ్యాను. అదుగో, అది. పోయింది ఫ్యాను. నేను కాదు."

టైలరమ్మ పెదాలు కదిలిస్తూ రెండు మాటలూ తనలో తాను అనుకుని చూసుకుంది. మావయ్యగారు పోయారు. మావయ్యగారిది పోయింది. డ్రైవరు నన్నూ ఫ్యానునీ మార్చి మార్చి చూశాడు. బాబాయి మాత్రం నన్ను తల నుంచి కాళ్ల దాకా కొలిచి, తల అడ్డంగా ఊపాడు.

"కాదు. మీరు ఆయన కాదు. ఆయన పొడుగు."

"పోయాక కుంగాడేమోలే బాబాయీ" అన్నాడు డ్రైవరు.

"కళ్లు నేనే మూశానయ్యా. నాకు తెలీదా?"

"మీరు మూసింది నా గది తలుపు" అన్నాను. "ఆ గోడకి ఒక్కటే గడియారం, నీలం రంగుది. మంచం పక్కన బల్ల. బల్ల మీద సాసరు, దాంట్లో ఆడవాళ్ల గడియారం, విప్పినది. దాన్ని ముట్టుకోలేదు మీరు, అందుకు సంతోషం."

ఆ సాసరు మాట దగ్గర బాబాయి కళ్లు ఒక్కసారి చెదిరాయి. చూసే ఉన్నాడు. జేబులో ప్లగ్గు తీసి, దాని రెండు కాళ్లూ చొక్కా అంచుతో తుడిచి, మళ్లీ జేబులో పెట్టుకున్నాడు.

టీ అక్క ఫ్యాను ఆపి, వైరు చుట్టబోయింది. "మీదని తెలీదు పెద్దాయనా."

"వద్దమ్మా, అక్కడే తిరగనీ. కెటిల్ ఎక్కడుంటే అక్కడే ఉండనీ. రేడియో కూడా మంగలి కొట్లోనే మోగనీ. నా చెవులకి అది దండగే. నాకు లైటొక్కటే కావాలి. అది లేకపోతే మా అబ్బాయి నన్ను కుర్చీలో కూర్చోబెట్టేస్తాడు. ఫోన్లో వినబడిన మాట అప్పుడు నిజంగానే నిజమైపోతుంది."

గట్టిగా అందామనుకోలేదు గానీ గట్టిగానే వచ్చింది. టైలరమ్మ తల దించుకుంది.

"పైకి వెళ్లిపోయిందాన్ని..." అని బాబాయి నీళ్లు నమిలాడు.

"ఎంత పైకి బాబాయీ?" అంది టీ అక్క, ఫ్యాను మీట మళ్లీ నొక్కుతూ. "నిన్న మధ్యాహ్నం పాలడబ్బా ఇవ్వడానికి మీ ఇంటికి వచ్చాను. పిన్ని ఆ లైటు కింద కూర్చుని నీ చొక్కాకి గుండీ కుడుతోంది. 'ఇది వచ్చాక సూదిలో దారం ఎక్కించమని ఎవర్నీ బతిమాలక్కర్లేకుండా ఉందే' అని మురిసిపోయింది కూడా. ఇదుగో, ఇప్పుడు నువ్వు తొడుక్కున్నదే ఆ చొక్కా."

అందరూ ఆ గుండీ వైపు చూశారు. పాపం బాబాయి కూడా చూసుకున్నాడు. ఆయన మీద నాకు అప్పుడు కోపం కూడా రాలేదు. గుండీ చాలా చక్కగా కుట్టి ఉంది. ఆ లైటు గుణం నాకు తెలుసు.

"వారానికొకసారి దారాలన్నీ ఎక్కించి పెట్టుకోవడానికి ఆవిణ్ణి మా ఇంటికి రమ్మనండి" అన్నాను. "నాకు మాత్రం ఇవాళ సాయంత్రం లోపల అది బల్ల మీద ఉండాలి."

బాబాయి లేచాడు. కాళ్లతో చెప్పులు వెతుక్కున్నాడు. రెండడుగులు వేసి, ఇక ఉండలేక వెనక్కి తిరిగాడు. "అంతా బాగానే ఉంది గానీ, ఒక్క మాట ఒప్పుకోండి. సామాన్లు బాగుచేసేవాళ్లు చాలామంది ఉంటారు. పోయినాయన్ని వెనక్కి పిలిపించి, పక్కన కూర్చోబెట్టుకుని టీ తాగించినవాణ్ణి మాత్రం ఈ వీధిలో నేనొక్కణ్ణే."

"టీ ఇచ్చింది నేను బాబాయీ" అంది టీ అక్క. "నువ్వు ముందు ఆ లైటుని ఆకాశంలోంచి దించుకురా."